ఏడ మంచిగలేదు?

శ్రీధర్ ఫోన్ చేసి, "అన్నా, శనివారం సౌండ్ నువ్వే పెట్టాలె" అన్నాడు. ఏం ఫంక్షన్ అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. వాళ్ళావిడ పోయి అప్పటికి వారమే అయింది. సౌండ్ పెట్టాల్సింది ఆవిడ సంస్మరణ సభకి.

అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో తెలుగువాళ్ళ ఇంట పుట్టినరోజైనా, సత్యనారాయణ వ్రతమైనా, తెలుగు సంఘం ఉగాదైనా సౌండ్ అంటే నేనే. పగలు ఒక ఆఫీసులో డేటాబేసులు చూసుకుంటాను. మా గరాజ్‌లో కార్లు ఉండాల్సిన చోట రెండు పెద్ద స్పీకర్లు, ఒక మిక్సరు, మైకుల పెట్టె ఉంటాయి. కార్లు బయట మంచులో తడుస్తుంటాయి. దీన్ని నేను సేవ అంటాను, మా ఆవిడ సుధ జబ్బు అంటుంది.

ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి వెళ్ళి కేబుళ్ళ డబ్బా తెరిచాను. ప్రతి కేబులూ ఒక్క మెలిక లేకుండా గుండ్రంగా చుట్టి ఉంది. అలా చుట్టడం నాకు నేర్పింది ఆవిడే. అంతకుముందు నేను బావి దగ్గర చేంతాడు చుట్టినట్టు మోచేతికి చుట్టేవాణ్ణి. మొదటిసారి అది చూసి ఆవిడ నా చేతిలోంచి కేబుల్ లాక్కుంది. "గట్ల చుడితే లోపల తీగ చచ్చిపోతది అన్నా" అని, ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందినుంచి వేస్తూ చూపించింది. పేరు కూడా తెలియని మనిషి నా కేబుల్ లాక్కోవడమేమిటని నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ చుట్టింది విసిరితే చిక్కు పడకుండా తిన్నగా స్టేజీ చివరికంటా పోయింది. ఇక ఏమనగలను?

ఆవిడది ఎస్టోనియా. అది ఎక్కడుందో మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు. రష్యా పక్కన అని ఎవరో అనడంతో సంఘంలో 'రష్యా కోడలు' అని పేరు పడిపోయింది. ఆవిడ ప్రతిసారీ "రష్యా కాదు" అనేది. గొంతు పెంచేది కాదు, నవ్వేదీ కాదు. ఉన్నన్నేళ్ళూ ఆవిడ దిద్దడం మానలేదు, మనవాళ్ళు పిలవడం మానలేదు. శ్రీధర్ ఫిన్లాండ్‌లో ప్రాజెక్టు చేస్తున్న రోజుల్లో పరిచయమై పెళ్ళి చేసుకున్నారు. అతనిది కరీంనగర్ వైపు. ఆవిడ తెలుగంతా అతని దగ్గర నేర్చుకున్నదే. కాబట్టి చూడ్డానికి ఎండుగడ్డి రంగు జుట్టు, నీలం కళ్ళు, నోరు తెరిస్తే కరీంనగర్. కొత్తవాళ్ళు ఆవిడ మాట వినగానే చప్పట్లు కొట్టేవారు. మాట్లాడితే చప్పట్లేమిటో ఆవిడకి అర్థమయ్యేది కాదు.

ఆవిడ పెళ్ళికి ముందు వాళ్ళ దేశంలో రాక్ సింగర్. అది మాకు చాలా కాలం తెలీదు. నాకు మాత్రం మొదటి ఉగాది పోటీ రోజునే అనుమానం వచ్చింది. మా కార్యక్రమాల్లో సౌండ్ చెక్‌కి ఎవరూ రారు. పాడబోయే ముందు స్టేజీ పక్కకి వచ్చి ట్రాక్ ఉన్న సీడీ నా చేతిలో పెట్టి, "అన్నా, కాస్త ఎకో ఎక్కువ పెట్టండి" అంటారు. అదే వాళ్ళ సౌండ్ చెక్. ఎకో అంటే మనవాళ్ళకి కొబ్బరి పచ్చట్లో తిరగమోత లాంటిది, లేకపోతే రుచించదు. ఆవిడ మాత్రం మధ్యాహ్నమే, పోటీ జరిగే స్కూలు ఆడిటోరియంలో నేనూ, తుడిచే మనిషీ తప్ప ఎవరూ లేనప్పుడే వచ్చింది. మైకు తీసుకుని హలో హలో అనకుండా, గొంతులోంచి ఒక సన్నటి మూలుగు మొదలుపెట్టి పైకి తీసుకుపోయింది. పైకి పోతున్నకొద్దీ మైకుని నోటికి దూరం జరుపుతూ పోయింది. శబ్దం హద్దు దాటితే వెలిగే ఎర్రలైటు నా మిక్సరు మీద ఒక్కసారీ వెలగలేదు. అప్పటిదాకా నేను మైకుని మొక్కజొన్న పొత్తులా కొరికేవాళ్ళనే చూశాను. "ఎకో ఎంత?" అని అడిగాను. "వద్దు" అంది.

తర్వాత చెప్పులు విప్పి స్టేజీ పక్కన పెట్టింది.

ఈ చెప్పుల సంగతి చెప్పాలి. ఆవిడ ఎప్పుడూ చెప్పులు విప్పే పాడేది. మొదటిసారే మా సంఘానికి పెద్దైన డాక్టరు గారు ఆ సంగతి గమనించి మైకు తీసుకున్నారు. ఆయన ఈ దేశం వచ్చి నలభై ఏళ్ళు దాటిన గుండె డాక్టరు, రిటైరయ్యాక సంఘాన్నే పసిబిడ్డలా సాకుతున్నారు. "చూశారా, వేదికని గుడిలా భావించి పాదరక్షలు విడిచింది. మన పిల్లలకి ఉందా ఈ భక్తి?" అన్నారు. హాలంతా దద్దరిల్లింది. ముందు వరసలో పెద్దావిడ ఒకరు కళ్ళొత్తుకున్నారు. శ్రీధర్ వాళ్ళావిడ నా దగ్గరికి వచ్చి, భక్తి అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. డ్రమ్ము చప్పుడు పాదాల్లోంచి తెలుస్తుందని విప్పానంది. బ్యాండుతో పాడే రోజుల్నుంచీ అలవాటట. అది డాక్టరు గారికి చెబుతానని బయల్దేరితే నేనే ఆపాను. మొహమాటం కదా.

మొహమాటం అనే మాటకి వాళ్ళ భాషలో ఏమంటారని ఒకసారి అడిగాను. అట్లాంటిది లేదంది. నేను నమ్మలేదు గానీ, ఆవిడని చూస్తే నమ్మాలనిపించేది. ఎవరైనా వచ్చి "సూపర్‌గా పాడావమ్మా" అంటే, మనలాగా థాంక్యూ ఆంటీ అనడం ఆవిడకి రాదు. కళ్ళలోకి చూస్తూ, "ఏడ మంచిగుంది?" అనేది. పొగిడిన మనిషి తెల్లబోయేది. "అంటే, మొత్తం బాగుంది" అనేది. "ఏడ మంచిగలేదు?" అని రెండో ప్రశ్న. అక్కడితో ఆంటీ సమోసాల వైపు వెళ్ళిపోయేది. ఆవిడకి పొగరని కొందరన్నారు. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదొక దారి అని సుధే ఒకసారి నవ్వింది. పొగరు కాదు. ఆవిడ నిజంగానే తెలుసుకోవాలనుకునేది. అడిగిన ప్రశ్నకి జవాబు వస్తుందని ప్రతిసారీ నమ్మి అడిగేది. ఆ నమ్మకం చూస్తే నాకు దిగులేసేది.

ఇంతకీ ఆ పోటీలో ఆవిడ గెలవలేదు, ఓడిపోలేదు. 'ప్రత్యేక బహుమతి' అని డాక్టరు గారు ఒక శాలువా కప్పారు. మరుసటి ఏడూ అంతే. ఆ మరుసటి ఏడూ అంతే. ఆవిడ ఎంచుకునే పాట ఏటేటా మారేది, శాలువా రంగూ మారేది. వాళ్ళ బేస్‌మెంట్‌లో ఒక పాత డ్రమ్ సెట్టు ఉండేది. ఒకసారి స్పీకరు అప్పివ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను. ఆ పెద్ద డ్రమ్ములో మోత తగ్గడానికి ఆ శాలువాలన్నీ మడతలు పెట్టి కుక్కింది. మా సంఘం చేసిన సన్మానాలన్నీ ఇన్నేళ్ళకి ఒక పనికొచ్చాయని నవ్వుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో తెలియాలంటే మా పోటీల పద్ధతి తెలియాలి. రెండేళ్ళకోసారి అమెరికా మొత్తం తెలుగువాళ్ళకి పెద్ద సభ జరుగుతుంది. అక్కడ జాతీయ పాటల పోటీ ఉంటుంది. ప్రతి ఊళ్ళో స్థానిక పోటీ పెట్టి, మొదటి రెండు స్థానాల వాళ్ళని దానికి పంపుతారు. మేమంతా 'నేషనల్స్' అంటాం. ప్రత్యేక బహుమతికి స్థానం లేదు. స్థానం లేనివాళ్ళని నేషనల్స్‌కి పంపరు. ఆవిడకి కావలసింది నేషనల్స్‌లో పాడటం. గెలవడం కూడా కాదు, లైన్లో నిలబడి నంబరు చీటీ పెట్టుకుని పాడటం. మావాళ్ళు ఆవిడని నెత్తిన పెట్టుకుని, ఆ తలుపు మూసేశారు.

వాళ్ళ దేశంలో కూడా అలాంటి పోటీ ఉండేదట. దేశం తరఫున యూరప్ దేశాల పాటల పోటీకి ఏ పాట వెళ్ళాలో టీవీలో తేలుస్తారు. ఆవిడ నాలుగుసార్లు పాడింది. ఆ కథ నాకు బేస్‌మెంట్‌లోనే, కేబుళ్ళు చుడుతూ చెప్పింది. మొదటిసారి పంతొమ్మిదేళ్ళప్పుడు. జడ్జీలు ఒక్కొక్కరే లేచి మార్కులు చదువుతారు, బోర్డు మీద పడతాయి. ఆవిడకి సున్న. రెండో జడ్జీ సున్న. అలా చివరిదాకా పోయి అందరికంటే కిందన నిలిచింది. కెమెరా ఆవిడ మొహం మీదే ఉంది. ఇంట్లో వాళ్ళమ్మ టీవీ ముందు నుంచి లేచి వెళ్ళి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుందట, కళ్ళకి ఒక సాకు కావాలి కాబట్టి. మర్నాడు బ్రెడ్డు కొనుక్కోవడానికి దుకాణానికి వెళితే, గల్లా దగ్గరున్న ఆమె డబ్బులు తీసుకుంటూ, "పాట బాగానే ఉంది గానీ రెండో చరణంలో పరిగెత్తావు" అందట.

"గామె మీద కోపం రాలేదా?" అని ఆవిడ యాసలోనే అడిగాను.

"కోపమెందుకు? ఇన్నది గదా" అంది. విన్నది కదా అని. తర్వాత రెండుసార్లు మధ్యలో ఎక్కడో నిలిచింది, చివరిసారి నాలుగో స్థానం. అదే ఆవిడ జీవితంలో పెద్ద విజయం. ఆ తర్వాత పెళ్ళి, ప్రయాణం. ఎవరైనా ఓటమి గురించి చెబితే గొంతు దాస్తారు. ఆవిడ ఆ సున్నల గురించి చెప్పేటప్పుడు మనవాళ్ళు పుట్టింటి సంగతులు చెప్పినట్టు చెప్పేది.

ఒక ఏడు ఆవిడ తెగించింది. పోటీ మొదలవక ముందే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, ఈసారి తనకి అందరిలాగే మార్కులు వెయ్యమని అడిగింది. నేను పక్కనే మైకు స్టాండు బిగిస్తున్నాను. డాక్టరు గారు ఆవిడ తల మీద చెయ్యి వేసి, "నీకు మార్కులేమిటమ్మా? నువ్వు మా ఇంటి కోడలివి" అన్నారు.

"కోడలికి మార్కులుండవా సార్?" అంది.

ఆయన హాయిగా నవ్వేశారు, చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. కోడలికి మార్కులు వెయ్యని ఇల్లు తెలుగునాట ఎక్కడుందో నాకైతే తెలీదు, పొద్దున కాఫీ దగ్గర మొదలవుతుంది మూల్యాంకనం. కానీ ఆ నవ్వులో ఆవిడ అడిగింది కొట్టుకుపోయింది. డాక్టరు గారు చెడ్డవారు కాదు. ఆయన మంచితనమే గోడలా అడ్డం నిలబడింది. చెడ్డవాళ్ళతో పోట్లాడొచ్చు, ఇలాంటివాళ్ళని ఏం చేస్తాం? నేను తర్వాత కమిటీలో ఆ సంగతి ఎత్తాను కూడా. "పాపం, తక్కువ మార్కులొస్తే బాధపడుతుంది కదండీ" అన్నారు. బాధపడే హక్కు కూడా ఇవ్వని ప్రేమ అది.

ఆ రోజూ శాలువా కప్పారు. సామాను వ్యానులో ఎక్కిస్తుంటే పార్కింగ్‌లో ఆవిడ కనిపించింది, కారు డోరు తెరిచిపెట్టి, కాళ్ళు బయట పెట్టుకుని కూర్చుని ఉంది. శాలువా ఒళ్ళో ఉంది. శ్రీధర్ భోజనం ప్యాకెట్ల కోసం లోపలికి వెళ్ళాడు. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను.

"సున్న గూడ నంబరే అన్నా" అంది. "ఈడ నాకు నంబరే లేదు."

నేను వంగి మైకుల పెట్టె వ్యానులోకి ఎక్కించాను.

ఆ తర్వాతి ఏడు మా అత్తగారు మా ఇంటికొచ్చారు. విజయనగరంలో సంగీతం టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటారు. ఆవిడ మెచ్చుకోలు విన్నవాళ్ళు విజయనగరంలో చాలా తక్కువని సుధ చెబుతుంది, కూతురై ఉండీ తనకా భాగ్యం దక్కలేదట. ఆ ఉగాదికి రావలసిన జడ్జీ విమానం మంచుకి ఆగిపోయింది. డాక్టరు గారు స్వయంగా ఇంటికొచ్చి మా అత్తగారిని బతిమాలారు. ఆవిడ ఒకే షరతు పెట్టారు, స్టేజీ ఎక్కి పాడిన వాళ్ళందరికీ తను మార్కులు వేస్తానని. ఇందులో షరతేముందనుకుని డాక్టరు గారు సంతోషంగా ఒప్పుకున్నారు.

పోటీ సాయంత్రం శ్రీధర్ వాళ్ళావిడ ఒక పాత సినిమా పాట పాడింది. వానలో ఎదురుచూసే ఆడమనిషి పాట, రెండు చరణాలు. ఆవిడ గొంతులో ఒక జీర ఉండేది. అది మెత్తటి పాటల్ని కొంచెం గీరినట్టు చేసేది. పై స్థాయికి వెళితే మాత్రం ఒళ్ళు గగుర్పొడిచేది. పోటీ అయ్యాక అందరినీ స్టేజీ మీద నిలబెట్టి స్థానాలు చదివితే ఆవిడ పేరు చివర్నుంచి రెండో స్థానంలో వచ్చింది. మైకు దగ్గర నిలబడ్డ అమ్మాయి చదివింది సరైనదేనా అన్నట్టు కాగితం మళ్ళీ చూసుకుంది. డాక్టరు గారు కంగారుగా శాలువా పట్టుకుని స్టేజీ ఎక్కుతుంటే మా అత్తగారు కూర్చున్న చోటినుంచే, "ఆ అమ్మాయికి శాలువా ఎందుకండీ, చలేస్తోందా?" అన్నారు. ఆయన ఆగిపోయారు. శాలువా చేతిలో అలాగే ఉండిపోయింది.

నేను ఆవిడనే చూస్తున్నాను. మొహం ముందు పాలిపోయింది. తర్వాత మెల్లగా ఎర్రబడింది. స్టేజీ దిగి, చెప్పులైనా వేసుకోకుండా, తిన్నగా మా అత్తగారి కుర్చీ దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చుంది.

"టీచర్, ఏడ మంచిగలేదు?"

ఇన్నేళ్ళకి ఆ ప్రశ్నకి జవాబు చెప్పే మనిషి దొరికింది. మా అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గొంతులో దమ్ముంది, భయం లేదు. మాట మధ్యలో ఊపిరి తీస్తున్నావు, మాట విరిగిపోతోంది. గ అనాల్సిన చోట క అంటున్నావు, అది సాధనతో పోతుంది. రెండో చరణం కొచ్చేసరికి పరిగెడుతున్నావు. ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?"

ఆవిడ పెద్దగా నవ్వింది. అంత పెద్దగా నవ్వడం నేను చూడటం అదే మొదలు. బ్రెడ్డు దుకాణం కథ చెప్పింది. మా అత్తగారు నవ్వకుండా, "ఆవిడెవరో పాట తెలిసిన మనిషి" అన్నారు.

మర్నాడే మా ఇంటికొచ్చింది. చేతిలో తనే చేసిన నల్లటి బ్రెడ్డు ఒకటి. ఇటుకంత బరువుంది. మా అత్తగారు దాని మీద ఆవకాయ రాసుకుని తిని, పుల్లగా బాగానే ఉందని, ఉప్పు తగ్గిందని అన్నారు. తర్వాతి సారి ఉప్పు సరిపోయింది. వాళ్ళిద్దరి స్నేహం అలా నడిచింది. వారానికి రెండుసార్లు మా అద్దాల సన్‌రూమ్‌లో పాఠం. ఒకే పాట, అందులోనూ ఆ రెండో చరణమే. మొదటి చరణం అయ్యాక కాస్త ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో కూర్చోవడం రాదు ఆవిడకి. "పాట కట్టినాయన నీకు చోటిచ్చాడు, కూర్చో. తొందరేముంది?" అనేవారు మా అత్తగారు. ఆవిడ తొడ మీద తాళం వేసుకుంటూ ఆగేది, ఆగలేక ముందే అందుకునేది. మళ్ళీ మొదటికి. ఒక రోజు ఎందుకు పరిగెడుతున్నావని మళ్ళీ అడిగితే, రెండో చరణం వచ్చేసరికి జనం లేచి పోతారేమోనని భయమంది. పంతొమ్మిదేళ్ళప్పటి భయం. మా అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని తాళం ఆపారు. "పోతే పోతారు. పాట పోదు కదా" అన్నారు.

అప్పట్నుంచీ మా ఇళ్ళ వెనకున్న నడకదారి మీద పోతూ కూడా తొడ కొట్టుకుంటూ పోయేది. ఆవిడకి ఏదో దద్దురు వచ్చినట్టుందని, మంచి డాక్టరుంటే చెప్పమని ఇద్దరు ముగ్గురు సుధని అడిగారు.

ఆరు నెలలయ్యాక మా అత్తగారు విజయనగరం వెళ్ళిపోయారు. ఆ ఏడాదిలోనే శ్రీధర్ వాళ్ళావిడకి రొమ్ములో కణితి బయటపడింది. ఆపరేషను, మందులు. తర్వాతి ఉగాది పోటీకి రాలేకపోయింది. నేషనల్స్ కూడా ఆ వేసవే. దాని గురించి ఇక మాట్లాడదనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసి, రికార్డ్ చెయ్యాలి, మైకు తీసుకుని రమ్మంది. వెళితే బేస్‌మెంట్‌లో కుర్చీలో కూర్చుని ఉంది, తలకి గుడ్డ కట్టుకుని, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని. నన్ను చూసి ఆ మేజోళ్ళు విప్పింది. చలిగా ఉందని శ్రీధర్ అన్నా వినలేదు. డ్రమ్ములు వాయించేవాళ్ళెవరూ లేరు, ట్రాకులో వినిపించేదల్లా ఒక తబలా. ఏ చప్పుడు పాదాలకి తెలియాలనుకుందో నేనడగలేదు.

పాడింది. మొదటి చరణం అయ్యాక ఆగింది. ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగి, అప్పుడు అందుకుంది. ఆగింది సాధన వల్లా, నీరసం వల్లా? నాకు తెలియలేదు. పల్లవి చివరి మాట దగ్గర గొంతు సన్నబడి తెగింది. శ్రీధర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. టీచర్‌కి పంపనా అని అడిగాను.

"ఇప్పుడే వద్దన్నా. ఊపిరి వచ్చినంక ఇంకోసారి పాడుత. గది పంపుదం."

ఊపిరి రాలేదు. జబ్బు మళ్ళీ తిరగబెట్టి ఊపిరితిత్తులకి పాకింది. ఇంకోసారి పాడటం కుదరలేదు.

శ్రీధర్ అడిగిన సభకి రెండు రోజుల ముందు, సాయంత్రం పూట మా అత్తగారికి ఫోన్ చేశాను. వాళ్ళకి అప్పుడే తెల్లవారుతోంది. ఆవిడ పోయిందని సుధ ముందే చెప్పింది. ఒక పాట ఉంది, వినిపిస్తానన్నాను. అప్పటికే ఒంట్లో బాగోలేదనీ, కూర్చుని పాడిందనీ చెప్పబోయాను.

"అవన్నీ చెప్పకండి బాబూ. పాట వినిపించండి" అన్నారు.

ఫోన్ స్పీకరు దగ్గర పెట్టాను. అవతల తొడ మీద తాళం చప్పుడు వినిపిస్తూనే ఉంది. పాట అయిపోయింది. రెండో చరణం మళ్ళీ వెయ్యమన్నారు. వేశాను. చప్పుడు ఆగింది.

"పరుగు మానేసింది" అన్నారు. "నీరసానికి ఆగడం వేరు, తెలిసి ఆగడం వేరు. ఇది తెలిసి ఆగింది. పల్లవి చివర ఊపిరి సరిపోలేదు. మొదటి బహుమతి ఇవ్వను. రెండోది ఇస్తాను." సుధకి ఫోనివ్వమన్నారు. సుధ ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

రెండోది. అంటే నేషనల్స్‌కి పంపే స్థానం. ఆ మాట వినాల్సిన మనిషికి తప్ప అందరికీ వినిపించగలను. నాకు ఎవరి మీదో చెప్పలేనంత కోపం వచ్చింది, ఆ కోపం పెట్టుకోవడానికి ఒక్క చెడ్డవాడూ దొరకలేదు.

శనివారం క్లబ్‌హౌస్ నిండిపోయింది. ఫోటోకి దండ వేసి, దండ కింద కొత్త శాలువా ఒకటి కప్పారు. డాక్టరు గారు మాట్లాడారు. మనకంటే తెలుగుదనం ఉన్న మనిషన్నారు, చెప్పులు విప్పిన సంగతి చెప్పారు, మధ్యలో జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నారు. ఆయన కన్నీళ్ళు నిజమైనవే. తర్వాత ఒక్కొక్కరే లేచారు. చీర ఎంత బాగా కట్టేదో చెప్పారు, గోంగూర ఎంత ఇష్టంగా తినేదో చెప్పారు. ఎలా పాడేదో ఒక్కరూ చెప్పలేదు.

ఇన్నేళ్ళలో నేను మైకులో హలో, చెక్ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆ రోజు లేచి, ముందు ఆ పాట వేశాను. ఎకో లేకుండా వేశాను. పాట తెగిన చోట హాల్లో ఎవరో వెక్కారు. అప్పుడు మైకు తీసుకుని, పోటీల్లో ఎలా చదువుతారో అలాగే చదివాను. ఈ పాటకి మా అత్తగారు మార్కులు వేశారని చెప్పి, ఆవిడ పేరు పూర్తిగా చదివి, రెండో బహుమతి అన్నాను.

ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. సంతాపసభలో చప్పట్లు కొట్టొచ్చా? డాక్టరు గారు తలవంచుకుని కూర్చున్నారు. ముందు వరసలోంచి శ్రీధర్ లేచి నిలబడ్డాడు.

"ఏడ మంచిగలేదంట?" అని అడిగాడు.

అడిగింది అతను కాదు, అతని నోటితో ఆవిడ. మొహమాటపడితే ఒప్పుకునే మనిషి కాదు.

"పల్లవి చివర ఊపిరి సరిపోలేదంట" అన్నాను.

శ్రీధర్ ఫోటో వైపు చూసి తల ఊపాడు.

"నిజమే. సరిపోలె" అని కూర్చున్నాడు.